బిట్‌కాయిన్ తవ్వకం: మెషీన్ ఏం చేస్తుంది, కరెంటు బిల్లు ఎవరి మీద పడుతుంది

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు. చివర్లో జరిగిన ప్రశ్నోత్తరాలు ఇందులో లేవు.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కరెంటాఫీసువాళ్లున్నారు, వెనక ఇంజినీరింగ్ పిల్లలున్నారు. పిల్లలకు కంప్యూటర్ తెలుసు, బిల్లు కట్టే బాధ తెలియదు. ముందు వరసకు మీటరు తెలుసు, హాష్ తెలియదు. ఇవాళ్టి విషయానికి రెండూ కావాలి, కాబట్టి ఒకరి వాటా నడుస్తున్నప్పుడు ఇంకొకరు కాస్త ఓపిక పట్టండి.

బిట్‌కాయిన్ అంటే కంప్యూటర్ల నెట్‌వర్క్ మీదే నడిచే డబ్బు. దాని లావాదేవీలను లెక్కలోకి ఎక్కించి, బహుమతిగా కొత్త కాయిన్లు పొందడాన్నే తవ్వకం, మైనింగ్ అంటారు. మొదట ఒక అపోహ తీసేద్దాం. మైనింగ్ కంప్యూటర్లు "క్లిష్టమైన గణిత సమస్యలు పరిష్కరిస్తాయి" అని పేపర్లలో రాస్తుంటారు. అక్కడ పరిష్కరించే సమస్యేమీ లేదండి. ఉన్నదల్లా గుడ్డిగా ప్రయత్నించడం. ఒక సంఖ్య వేసి చూస్తారు, కాలేదు. ఇంకో సంఖ్య వేస్తారు, కాలేదు. తెలివితో దగ్గరదారి లేదు. తెలివికి పని లేకుండా చెయ్యడమే ఆ ఏర్పాటు ఉద్దేశం.

వరసగా చెబుతాను. మీరు ఎవరికో బిట్‌కాయిన్ పంపారు. ఆ లావాదేవీ ప్రపంచమంతా ఉన్న నోడ్‌ల, అంటే ఈ నెట్‌వర్క్‌ను నడిపే కంప్యూటర్ల, దగ్గరికి వెళ్లి వరసలో నిలబడుతుంది. మైనర్ ఆ వరసలోంచి ఎక్కువ ఫీజు ఇచ్చేవాటిని ఏరుకుని ఒక బ్లాక్ కడతాడు. అందులో మొట్టమొదటి లావాదేవీ తనకే తాను రాసుకుంటాడు: "ఈ బ్లాక్ నెగ్గితే కొత్త బిట్‌కాయిన్లు నాకు" అని. దాని పేరు కాయిన్‌బేస్. తర్వాత లావాదేవీలన్నిటినీ జతలు జతలుగా హాష్ చేసుకుంటూ, అంటే ఎంత సమాచారాన్నైనా ఒకే పొడవున్న సంఖ్యగా మార్చుకుంటూ పోయి చివరికి ఒక్క 32 బైట్ల సంఖ్యకు కుదిస్తాడు. అది మెర్కల్ రూట్. ఇప్పుడు బ్లాక్ మీద ఒక తలకట్టు పెడతాడు, బ్లాక్ హెడర్. ఎంత ఉంటుందనుకున్నారు? 80 బైట్లు. అంతే. వెర్షన్‌కు 4, ముందు బ్లాక్ హాష్‌కు 32, మెర్కల్ రూట్‌కు 32, టైముకు 4, లక్ష్యం ఎంతో చెప్పడానికి 4, ఆఖరి 4 బైట్లు నాన్స్‌కు, అంటే మైనర్ మార్చి మార్చి వేసి చూసే సంఖ్యకు.

ఈ 80 బైట్లను ఎస్‌హెచ్‌ఏ-256 అనే ఫంక్షన్‌లో రెండుసార్లు వేస్తారు. 256 బిట్ల సంఖ్య ఒకటి బయటికొస్తుంది. అది నెట్‌వర్క్ పెట్టిన లక్ష్యం కంటే చిన్నదైతే గెలుపు, కాకపోతే నాన్స్ మార్చి మళ్లీ. హాష్‌ను చూసి వెనక్కి లెక్కగట్టలేరు, పిండిని చూసి గింజను మళ్లీ తయారుచెయ్యలేం కదా. లోపల ఒక్క బిట్ మారితే బయటి సంఖ్య మొత్తం మారిపోతుంది. అందుకే వేసి చూడటం తప్ప మార్గం లేదు. ఇప్పటి లక్ష్యానికి 64 అంకెల హెక్స్ సంఖ్యలో, అంటే పదహారు గుర్తులతో రాసే సంఖ్యలో, ముందు పంతొమ్మిది దాకా సున్నాలు రావాలి.

పిల్లలకు ఒక చిన్న ప్రశ్న. నాన్స్‌కు 4 బైట్లే అన్నాను. అంటే దాదాపు 429 కోట్ల అవకాశాలు. ఇప్పటి మెషీన్ సెకనుకు 200 టెరాహాష్‌లు వేస్తుంది, అంటే సెకనుకు 200 లక్షల కోట్ల ప్రయత్నాలు. 429 కోట్లు ఎంతసేపట్లో అయిపోతాయి? సెకనులో యాభై వేలో వంతులో! మరి తర్వాత ఏం చేస్తారు? కాయిన్‌బేస్ లావాదేవీలో ఖాళీ చోటు కొంత ఉంటుంది, అక్కడ ఇంకో అంకె మారుస్తారు. దాంతో మెర్కల్ రూట్ మారుతుంది, హెడర్ మారుతుంది, మళ్లీ 429 కోట్లు చేతికొస్తాయి. ఇలా పగలూ రాత్రీ.

ఇంత వృథా ఎందుకని అడుగుతారు. అడగాల్సిందే. బ్యాంకు లేదు, అధికారి లేడు. ఒకే కాయిన్‌ను ఇద్దరికి ఖర్చుపెట్టేవాణ్ని ఆపాలి. ప్రతి బ్లాక్ ముందు బ్లాక్ హాష్‌ను మోస్తుంది కాబట్టి పాతది ఒకటి మార్చాలంటే దాన్నీ, దాని తర్వాతవాటన్నిటినీ మళ్లీ తవ్వాలి, అదీ మిగతా ప్రపంచం కంటే వేగంగా. ఆ ఖర్చే కాపలా. కరెంటు ఖర్చు లేకపోతే ఈ పద్ధతిలో భద్రత లేదు. ఖర్చు దాని లోపం కాదు, దాని పునాది. నచ్చడం నచ్చకపోవడం వేరే సంగతి.

ఇప్పుడు ముందు వరసవాళ్ల వాటా.

పది నిమిషాలకు ఒక బ్లాక్ రావాలని నియమం. మెషీన్లు ఎక్కువైతే బ్లాకులు తొందరగా వస్తాయి, కాబట్టి ప్రతి 2016 బ్లాకులకు, అంటే రెండు వారాలకు ఒకసారి, నెట్‌వర్క్ తనంతట తానే లక్ష్యాన్ని బిగిస్తుంది. మెషీన్లు తగ్గితే సడలిస్తుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా దీని మీదే ఉంది. మెషీన్లు రెట్టింపు చేస్తే బిట్‌కాయిన్లు రెట్టింపు రావు. అవే వస్తాయి. కరెంటు మాత్రం రెట్టింపు అవుతుంది.

రోజుకు 144 బ్లాకులు. 2009 జనవరిలో మొదలైనప్పుడు బ్లాక్‌కు బహుమతి 50 బిట్‌కాయిన్లు. ప్రతి 2,10,000 బ్లాకులకు సగం అవుతుంది. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్‌లో 3.125. అంటే ఇప్పుడు రోజుకు 450 కొత్త బిట్‌కాయిన్లు, పైన కొంచెం ఫీజులు. ప్రపంచంలోని మైనర్లంతా ఈ 450 కోసమే కొట్టుకుంటున్నారు.

లెక్క వేద్దాం. బిట్‌కాయిన్ లక్ష డాలర్లు అనుకోండి, గుండుగుత్తగా. రోజుకు నాలుగున్నర కోట్ల డాలర్లు. అందులో 40 శాతం కరెంటుకు పోతుందనుకుందాం, మిగతాది మెషీన్లు, షెడ్లు, జీతాలు, లాభం. 1 కోటి 80 లక్షల డాలర్లు. యూనిట్ 5 సెంట్లకు దొరికితే రోజుకు 36 కోట్ల యూనిట్లు. ఏడాదికి 13 వేల కోట్ల యూనిట్ల పైన. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు మైనింగ్ కంపెనీలను అడిగి 2025లో ఇచ్చిన అంచనా ఎంతో తెలుసా? 138 టెరావాట్ అవర్లు, అంటే 13,800 కోట్ల యూనిట్లు. మనం కాగితం మీద వేసిన లెక్క దానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. నేను మెషీన్ల గురించి ఒక్క ముక్క కూడా వాడలేదు ఇందులో. ధర, బహుమతి, కరెంటుకు పోయే వాటా, కరెంటు రేటు, అంతే. కరెంటు వాడకాన్ని నిర్ణయించేది అవే.

"కొత్త చిప్‌లు వస్తే కరెంటు ఆదా అవుతుంది కదా" అంటారు. 2016లో వచ్చిన ఆంట్‌మైనర్ ఎస్9 అనే మైనింగ్ మెషీన్ ఒక టెరాహాష్‌కు 98 జౌళ్ల శక్తి తినేది. తర్వాత వచ్చిన ఎస్21 మెషీన్ పదిహేడున్నర జౌళ్లు. అయిదున్నర రెట్లు పొదుపు. భేష్. 2016 నడుమ నెట్‌వర్క్ మొత్తం సెకనుకు ఒకటిన్నర ఎక్సాహాష్‌ల దగ్గర ఉండేది, ఒక ఎక్సాహాష్ అంటే పది లక్షల టెరాహాష్‌లు. 2025లో వెయ్యి ఎక్సాహాష్‌లు అందుకుంది. రెండు కాలాల్లోనూ అందరూ అప్పటి మంచి మెషీనే వాడారనుకుని గుణించండి. అప్పుడు 147 మెగావాట్లు. ఇప్పుడు 17,500 మెగావాట్లు. మెషీన్ పొదుపైంది, లోడు నూట పందొమ్మిది రెట్లైంది! పొదుపు మెషీన్ చేతికొచ్చినవాడు బిల్లు తగ్గించుకోడు, అదే బిల్లుకు ఇంకో మెషీన్ పెడతాడు.

17,500 అనగానే ముందు వరసలో తల ఊపారు. అవును, తెలంగాణ పీక్ డిమాండ్, అంటే ఒకేసారి అత్యధికంగా వాడిన కరెంటు, 2025 మార్చిలో దాటింది 17 వేల మెగావాట్లే. తేడా ఏమిటంటే మన పీక్ ఎండాకాలం కొన్ని గంటలు. ఇది పన్నెండు నెలలూ, అర్ధరాత్రీ అపరాత్రీ, గీత గీసినట్టు ఉండే లోడు.

ఇంకో తప్పు లెక్క కూడా ప్రచారంలో ఉంది: "ఒక్క బిట్‌కాయిన్ లావాదేవీకి ఇన్ని వందల యూనిట్లు" అని. బ్లాక్‌లో మూడు వేల లావాదేవీలున్నా, ఒక్కటీ లేకపోయినా హెడర్ 80 బైట్లే, కష్టం అంతే. లావాదేవీలు ఆగిపోయినా కరెంటు ఆగదు. కాబట్టి ఆ భాగహారం జనాన్ని భయపెట్టడానికి పనికొస్తుంది, అర్థం చేసుకోవడానికి పనికిరాదు. ఇది నా అభిప్రాయం.

సరే, మెషీన్ విప్పి చూద్దాం. మొదట్లో మామూలు కంప్యూటర్‌తో తవ్వారు, 2010లో గ్రాఫిక్స్ కార్డులు, 2013 నుంచి ఏసిక్ చిప్‌లు. ఏసిక్ అంటే ఎస్‌హెచ్‌ఏ-256 తప్ప వేరే పని రాని చిప్. పెట్టెలో నాలుగు భాగాలు: మూడు హాష్‌బోర్డులు, ఒక కంట్రోల్ బోర్డు, పవర్ సప్లై, ఫ్యాన్లు. ఎస్9లో బోర్డుకు 63 చిప్‌లు, మొత్తం 189. ఈ చిప్‌లు బోర్డు మీద గొలుసుగా ఉంటాయి. సిగ్నల్ ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కు వెళ్లాలి. నడుమ ఒక్కటి పోయిందా, బోర్డు మొత్తం కనబడదు. మెషీన్ మూడింట రెండొంతుల వేగంతో ఆడుతుంటుంది, ఓనరు స్క్రీన్ చూడకపోతే వారం దాకా తెలియదు. చిప్ ఎందుకు పోతుంది? వేడి, దుమ్ము, తేమ. వేడిని బయటికి లాగే హీట్‌సింక్ రెక్కల నడుమ దుమ్ము గట్టిపడుతుంది, గాలి తగ్గుతుంది, చిప్‌ను బోర్డుకు అతికించిన సోల్డర్ కాగుతూ చల్లారుతూ పగుళ్లిస్తుంది. సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు చిలుం పడతాయి. కొనే ముందు ఇవి చూసుకోవాలి.

ఎస్21 పెట్టె 3,500 వాట్లు లాగుతుంది. 230 వోల్టుల మీద 15 ఆంపియర్లు. మన ఇంట్లో పెద్ద ప్లగ్ ఎంత? 16 ఆంపియర్లు. "సరిపోయింది కదా" అనుకుంటారు పిల్లలు. గీజరైతే పావుగంట, ఇది ఆగకుండా ఏడాది. కాంటాక్టు కొంచెం వదులైనా సాకెట్ కాగి, ప్లాస్టిక్ మెత్తబడి, కాలిన వాసన వచ్చేదాకా తెలియదు. ఇలాంటి లోడును సాకెట్ రేటింగ్‌లో 80 శాతం దాటనివ్వకూడదు, అంటే ఇక్కడ 20 ఆంపియర్ల పైన సాకెట్, దానికి తగిన వైరు, విడిగా ఎంసీబీ స్విచ్చు. ఇంటి శాంక్షన్డ్ లోడు, అంటే కరెంటాఫీసు మంజూరు చేసినది, రెండు మూడు కిలోవాట్లే ఉంటుందన్నది ముందు వరసకు నేను చెప్పక్కర్లేదు.

తీసుకున్న కరెంటంతా ఏమవుతుంది? వేడవుతుంది. మొత్తం. మూడున్నర కిలోవాట్ల వేడి తీసెయ్యాలంటే సరిగ్గా ఒక టన్ను ఏసీ. ఒక పెట్టెకు ఒక ఏసీ, అది ఆగకుండా తిరిగితే రోజుకు ఇంకో ఇరవై యూనిట్ల పైన. అందుకే పెద్ద కంపెనీలు ఏసీ జోలికి పోవు. చల్లటి ఊరు చూసుకుంటాయి, షెడ్డుకు ఒకవైపు నుంచి గాలి లోపలికి, రెండోవైపు వేడి బయటికి. రెండూ కలవకుండా నడుమ గోడ కట్టాలి, లేకపోతే వదిలిన వేడిగాలినే మెషీన్ మళ్లీ పీలుస్తుంది. లోపలికొచ్చే గాలి 40 డిగ్రీలు దాటకూడదని ఎస్9 లాంటి మెషీన్ల మీద రాసి ఉంటుంది. రామగుండంలో మే నెల సంగతి మీకు తెలుసు. ఇక చప్పుడు: ఒక్కో పెట్టె 75 డెసిబెల్స్. అమెరికాలో టెక్సస్, నార్త్ కరోలినా పల్లెల్లో మైన్‌ల మీద వచ్చిన పెద్ద తగాదా కాలుష్యం గురించి కాదు, నిద్ర పట్టడం లేదనే.

ఒంటరిగా తవ్వితే ఏమవుతుంది? వెయ్యి ఎక్సాహాష్‌లలో మీ 200 టెరాహాష్‌లు, 50 లక్షల్లో ఒక వంతు. సగటున 50 లక్షల బ్లాకులకు ఒకటి మీది. పది నిమిషాలకొకటి చొప్పున 95 ఏళ్లు. అదృష్టముంటే రేపే రావచ్చు, లేకపోతే మనవడికి. అందుకే పూల్స్, అంటే చాలామంది కలిసి తవ్వి వచ్చింది పంచుకునే జట్లు, పుట్టాయి, 2010 చివర్లో మొదటిది ప్రాగ్‌లో. పూల్ మీకు సులువైన లక్ష్యం ఇస్తుంది, అది అందుకున్నప్పుడల్లా మీరు పనిచేసినట్టు రుజువు, దాని పేరు షేర్. షేర్ల లెక్కన రోజూ పంచుతారు, కొంచెం ఫీజు పట్టుకుని. నెట్ నెమ్మదిగా ఉంటే మీ షేర్ చేరేసరికి కొత్త బ్లాక్ వచ్చేస్తుంది, అది చెల్లదు. కరెంటు ఖర్చు మాత్రం మీదే. పూల్స్ వల్ల ఇంకో ఇబ్బంది, ఏ లావాదేవీ బ్లాక్‌లోకి ఎక్కాలో ఎంచుకునే పని రెండు మూడు పెద్ద పూల్స్ చేతిలో పడింది. ఎవరి పెత్తనమూ ఉండకూడదని మొదలుపెట్టిన వ్యవస్థ మరి!

ఇప్పుడు సమాజం మాట. నా ఉద్దేశంలో "బిట్‌కాయిన్ ఎంత కరెంటు తింటుంది" కంటే "ఆ తిన్నది ఎవరి వాటా" అన్నదే అసలు ప్రశ్న. న్యూయార్క్ రాష్ట్రంలో ప్లాట్స్‌బర్గ్ అని చిన్న ఊరు. సెయింట్ లారెన్స్ నది జలవిద్యుత్తు చవగ్గా వస్తుంది, కానీ కోటా ఉంది, 104 మెగావాట్లు. ఆ ఊళ్లో చలికాలం ఇళ్లు వేడి చేసుకునేదీ కరెంటుతోనే. 2017లో మైనర్లు వచ్చి పడ్డారు. ఆ చలికాలం కోటా దాటింది. దాటిన యూనిట్లు మార్కెట్లో ఎక్కువ ధరకు కొనాలి. ఆ అదనం ఎవరి బిల్లులో పడింది? అందరి బిల్లులో! మైనింగ్ అంటే ఏమిటో తెలియని ముసలమ్మ బిల్లు కూడా పెరిగింది. 2018 మార్చిలో ఊరు కొత్త మైన్‌లకు 18 నెలలు తలుపు మూసింది. అదే నెలలో రాష్ట్ర నియంత్రణ సంస్థ, మునిసిపల్ విద్యుత్ సంస్థలు ఇలాంటివాళ్ల దగ్గర ఎక్కువ రేటు తీసుకోవచ్చంది. గమనించండి, మెషీన్ తప్పు కాదు, అక్కడ తప్పు టారిఫ్‌లో ఉంది. అదనపు ఖర్చు తెచ్చినవాడి మీదే వెయ్యాలన్న నిబంధన ముందే రాసుకోలేదు.

టెక్సస్‌లో ఇది తిరగబడింది. రాక్‌డేల్‌లో పాత అల్యూమినియం ఫ్యాక్టరీ చోట ఉన్న పెద్ద మైన్‌ను 2021లో రయట్ అనే కంపెనీ కొనుక్కుంది. 2023 ఆగస్టులో ఎండలకు గ్రిడ్ మీద ఒత్తిడి పెరిగితే మెషీన్లు ఆపింది. ముందే కుదుర్చుకున్న కరెంటును వదులుకున్నందుకు, అడిగినప్పుడు ఆపుతామన్నందుకు ఆ ఒక్క నెల దానికి దక్కిన జమ 3 కోట్ల 17 లక్షల డాలర్లు. ఆ నెల తవ్వింది 333 బిట్‌కాయిన్లు, సుమారు 90 లక్షల డాలర్లు. తవ్వినందుకు కంటే తవ్వనందుకు మూడు రెట్లు! "గ్రిడ్‌కు సాయం" అని కంపెనీ అంటుంది. నిజమే, నిమిషాల్లో ఆపగలిగే అంత పెద్ద లోడు గ్రిడ్‌కు పనికొస్తుంది, అన్ని ఫ్యాక్టరీలనూ అలా ఆపలేం. కానీ ఆ లోడు అక్కడ అసలు లేకపోతే అంత ఒత్తిడి ఉండేదా అని జనం అడుగుతున్నారు. అదీ న్యాయమైన ప్రశ్నే.

చైనా సంగతి త్వరగా చెప్పేస్తాను. 2019లో ప్రపంచ మైనింగ్‌లో నాలుగింట మూడొంతులు అక్కడే. వానాకాలం సిచువాన్ జలవిద్యుత్తు, వానల్లేని కాలం షిన్‌జియాంగ్ బొగ్గు, మెషీన్లను లారీల్లో అటూ ఇటూ తిప్పేవాళ్లు. 2021 మే, జూన్‌లలో ప్రభుత్వం వెళ్లగొట్టింది. నెట్‌వర్క్ దాదాపు సగం పడిపోయింది, బ్లాకులకు పది నిమిషాలు కాస్తా పద్నాలుగు దాకా పట్టింది. జూలై 3న లక్ష్యం 28 శాతం సడలింది, మళ్లీ మామూలే. మెషీన్లు ఎక్కడికి పోయాయి? కొన్ని అమెరికాకు, కొన్ని పక్కనున్న కజక్‌స్థాన్‌కు. కజక్‌స్థాన్‌లో కరెంటు ప్రధానంగా బొగ్గుది, ప్లాంట్లు పాతవి. ఆ చలికాలానికల్లా కోతలు. ఒక దేశం తరిమేస్తే ఇంకో దేశం మీద పడింది, మొత్తం తగ్గలేదు. మలేషియాలో దొంగ కరెంటుతో నడుస్తున్న వెయ్యికి పైగా మెషీన్లను 2021లో పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించారు. ముందు వరస నవ్వుతోంది. కొక్కెం వేసి లాగడం మన దగ్గర మాత్రమే లేదండి.

ఇంకో దారి లేదా? ఉంది. ఈథీరియం అనే ఇంకో క్రిప్టో కాయిన్ నెట్‌వర్క్ 2022 సెప్టెంబర్ 15న తవ్వకం మానేసింది. కాయిన్లు తాకట్టు పెట్టినవాళ్లే బ్లాకులు రాస్తారు, తప్పు చేస్తే తాకట్టు పోతుంది. కరెంటు 99 శాతానికి పైగా తగ్గింది. బిట్‌కాయిన్‌వాళ్లు ఆ దారికి ఒప్పుకోరు, డబ్బున్నవాడిదే రాజ్యమవుతుందంటారు. ఏసిక్‌ల షెడ్డు కట్టడానికి డబ్బు అక్కర్లేదన్నట్టు!

చివరగా మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న: మన దగ్గర పెడితే? అదే ఎస్21, రోజుకు 84 యూనిట్లు. ఇందాకటి లెక్కన రాబడి రోజుకు నాలుగున్నర కోట్ల డాలర్లలో 50 లక్షల వంతు, అంటే తొమ్మిది డాలర్లు; డాలరు 85 అనుకుంటే 765 రూపాయలు. యూనిట్ 8 రూపాయలైతే కరెంటు 672. "93 మిగిలింది" అంటారా? 2022 బడ్జెట్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, సెస్సుతో 31.2. మైనింగ్‌కు పెట్టిన సదుపాయాల ఖర్చు కొనుగోలు ధర కింద చెల్లదని ఆర్థిక శాఖ పార్లమెంటులోనే చెప్పింది. అంటే పన్ను 93 మీద కాదు, 765 మీద. 239 పోగా మిగిలేది 526. కరెంటు 672. రోజుకు 146 రూపాయలు ఎదురు. ఏసీ, మెషీన్ ధర, రిపేరు ఇంకా కలపలేదు. యూనిట్ ఆరుంపావుకు దిగితే కరెంటు వరకే సరికి సరి.

"మెషీన్ అక్కర్లేదు, ఫోన్‌లోనే మైనింగ్" అని వాట్సాప్‌లో తిరిగే యాప్‌ల మాట. ఫోన్ సెకనుకు కోటి హాష్‌లు వేస్తుందనుకుందాం. ఒక్క ఎస్21కు సాటి రావాలంటే రెండు కోట్ల ఫోన్లు కావాలి. ఆ 765 రూపాయలను రెండు కోట్ల మందికి పంచితే ఒక్కొక్కరికి రోజుకు పైసాలో 250వ వంతు కూడా రాదు. మరి రోజుకు వందలిస్తామనేవాడు ఎక్కణ్నుంచి ఇస్తాడు? తర్వాత చేరినవాడి జేబులోంచి. నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు బిట్‌కాయిన్ ఇస్తామని, తవ్వేది మేమేనని డబ్బు లాగిన గెయిన్‌బిట్‌కాయిన్ వ్యవహారం ఈడీ, సీబీఐల దాకా వెళ్లింది. ఎవరైనా అలా వస్తే మూడే అడగండి: మెషీన్లు ఏ ఊళ్లో ఉన్నాయి, ఏ పూల్‌లో తవ్వుతున్నారు, కిందటి నెల కరెంటు బిల్లు చూపిస్తారా.

ఇక ప్రశ్నలు. మైకు మొదట వెనక వరసకు ఇవ్వండి.